పెద్దకొడుకు సంతకం కోసం ఆగకండి

ఈ వారంలో అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. ఒకసారి కాలనీ గ్రూపులో, ఒకసారి టెన్త్ బ్యాచ్ గ్రూపులో. మిగతా రెండూ మా బాబాయి పుణ్యమే: ఒకటి నాకు విడిగా, ఇంకోటి మా కుటుంబం గ్రూపులో. పైగా "చదివావా?" అని ఫోన్ కూడా చేశాడు. స్పృహలో లేని పేషెంటు తరఫున ఆస్పత్రిలో సంతకం పెట్టేముందు తెలుసుకోవాల్సిన "ఏడు నిజాలు" అట. కింద "ఒక హైకోర్టు లాయరు" అని ఉంది. ఆ లాయరుకి పేరు లేదు. చదివాను బాబాయ్. ఇదిగో జవాబు.

నీలం సిరా సంతకమే చెల్లుతుందట. వంద రూపాయల స్టాంపు పేపరు మీద లేని ఫారం చిత్తుకాగితమట. రెండూ అబద్ధాలే. పదండి ముందుకి.

మూడోది: "సంతకం పెట్టారో, మనిషి పోయినా కేసు వేసే హక్కు ఉండదు." సంతకం పెట్టామంటే ఈ ఆపరేషన్‌లో ఫలానా ప్రమాదాలున్నాయని తెలిసే ఒప్పుకున్నామని. కడుపులో దూది మర్చిపోయినా ఫరవాలేదని ఒప్పుకున్నట్టు కాదు. డబ్బు కట్టి చేయించుకునే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. "ఏం జరిగినా మాకు బాధ్యత లేదు" అని ఫారం మీద ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసుకున్నా, నిర్లక్ష్యం మీద కేసు వేయడానికి అది అడ్డు రాదు.

ఇక నాలుగోది. నాకు ఒళ్లు మండింది దీని దగ్గరే. "పేషెంటు స్పృహలో లేకపోతే పెద్దకొడుకు సంతకమే చెల్లుతుంది. కూతురు వేరే ఇంటి మనిషి, ఆమె సంతకానికి విలువ లేదు. పెద్దకొడుకు వచ్చేదాకా ఏ ట్రీట్‌మెంటూ మొదలుపెట్టనివ్వకండి."

ఏ చట్టంలో ఉంది నాయనా ఇది? ఎన్నో సెక్షను? తలకొరివి పెట్టే హక్కునీ ఆపరేషన్ ఫారాన్నీ కలిపి కుట్టేశాడు ఈ మహానుభావుడు.

మామూలు వైద్యానికి స్పృహలో లేని పెద్దవాళ్ల తరఫున ముందు ఫలానావారు, తర్వాత ఫలానావారు అని వరస కట్టిన చట్టమే మన దేశంలో లేదు. దగ్గరివాళ్లలో ఎవరుంటే వాళ్లని అడగడం ఆనవాయితీగా వస్తోంది. చట్టం బంధువుల జాబితా రాసిన చోట మాత్రం కొడుకుకి పెద్దపీట వేసిందా? 1994 నాటి అవయవమార్పిడి చట్టం చూడండి, కొడుకూ కూతురూ ఒకే వరసలో ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే ఇంకా ముందుకెళ్లింది. రేపు నాకు బుద్ధి నిలకడగా లేకపోతే నా తరఫున మాట్లాడే మనిషిని ఇవాళే నేను రాసిపెట్టుకోవచ్చు. ఆ మనిషి నా స్నేహితురాలైనా సరే. అదీ తెల్లకాగితం మీద! స్టాంపు పేపరు లాయరుగారు గమనించాలి.

అసలు ఎవరూ దగ్గర లేకపోతే? ప్రాణం మీదికి వచ్చినప్పుడు, సమ్మతి తీసుకునే వీలు లేనప్పుడు, డాక్టరు ఆ మనిషి మేలు కోరి చేసిన వైద్యం నేరం కాదు. గుర్రం మీంచి పడి స్పృహ తప్పినవాడికి డాక్టరు పుర్రెకి రంధ్రం చేసి వైద్యం చేస్తే తప్పులేదని 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉదాహరణ రాశారు. ఇప్పుడది భారతీయ న్యాయసంహితలో 30వ సెక్షను. గుర్రాల కాలంలోనే తేలిన సంగతి వాట్సాప్ కాలానికి మళ్లీ సందేహమైంది.

బాబాయ్, నువ్విది ఎలా పంపావో నాకు అర్థం కావడం లేదు. మీ అక్కకి జరిగింది ఇదే కదా. ఉదయం ఏడింటికి అత్తయ్యకి మూతి వంకర పోయింది. ఊళ్లోంచి కారు మాట్లాడుకుని ఆస్పత్రికి చేరేసరికి పది. పక్షవాతానికి మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మేలు. కౌంటర్ దగ్గర "మగపిల్లలు ఎవరూ లేరా అమ్మా?" అని అడిగారు. ఉన్నాడు, డాలస్‌లో. అక్కడ రాత్రి పదకొండున్నర, ఫోన్ సైలెంట్‌లో ఉంది. బావ ఫోన్ ఎత్తేసరికి ఇక్కడ పన్నెండు. ఆ ఇంజక్షన్ వేళ దాటిపోయింది.

తప్పంతా కౌంటర్ దగ్గరివాళ్లదే అనను. ఫారం అత్తయ్య కూతురు, మా వదిన చేతిలోనే ఉంది. పెన్నూ ఉంది. "తమ్ముణ్ని అడిగి పెడతాను" అని ఆవిడే ఆగిపోయింది. ఇంజక్షన్ వేసుంటే అత్తయ్య లేచి నడిచేదని నేను చెప్పలేను. వేసి చూసే అవకాశం పోయిందని మాత్రం చెప్పగలను.

ఐదోది, "వెంటిలేటర్ తీయమన్న కుటుంబం మీద హత్య కేసు." కోలుకునే ఆశ లేనప్పుడు పద్ధతి ప్రకారం ఆపవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి, మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. అలాంటి స్థితిలో నాకు ఈ వైద్యం వద్దని ముందే లివింగ్ విల్ రాసుకోదలిస్తే ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు.

ఆరోది, "జీపీఏ రాయించుకోండి, అన్నిటికీ పనికొస్తుంది." జీపీఏ అంటే నా తరఫున పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే అధికారపత్రం. రాసిచ్చిన మనిషి మతి తప్పిన రోజునే మామూలు జీపీఏ చెల్లకుండా పోతుంది. 1872 కాంట్రాక్టు చట్టం, 201వ సెక్షను. ఎండాకాలమంతా ఇంట్లో ఉండి, వాన పడగానే మాయమయ్యే గొడుగు లాంటిదన్నమాట.

ఏడోది చదివి ముందు నవ్వాను. "మత్తులో ఉన్న పేషెంటు తరఫున కన్నతల్లి సంతకం పెట్టినా చెల్లదు" అని ఉంది. ఇదీ చెత్తే అనుకుని వెతికితే, దాదాపు నిజం. 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సమీరా కోహ్లీ కేసు. పెళ్లికాని 44 ఏళ్ల మనిషి, లాప్రోస్కోపీ పరీక్ష కోసం మత్తులో ఉంది. బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం ఏమీ లేదు, కాసేపటికి తెలివొచ్చేది, ఆమెనే అడిగి ఉండాల్సింది అంది కోర్టు. తల్లి సమ్మతి చెల్లలేదు. పరిహారం 25 వేలే ఇచ్చారనుకోండి. తాత్కాలికంగా మత్తులో ఉన్న మనిషి వేరు, కోమాలో ఉన్న మనిషి వేరు అన్న తేడా నాకు ఈ దిక్కుమాలిన మెసేజ్ వల్లే తెలిసింది. ఒప్పుకుంటున్నాను.

కాబట్టి బాబాయ్, ఏడోది ఒక్కటీ ఉంచి, మిగతాది కుటుంబం గ్రూపులోంచి తీసెయ్. నాలుగోది వదిన చూడకముందే.