శాలువా అందని చేతులు

మన సంఘం ఏటా ఉపాధ్యాయులను శాలువాతో సత్కరిస్తుంది. అది మంచి సంప్రదాయం. అయితే మన పిల్లలు చదువుకునే అమెరికా ప్రభుత్వ బడుల్లో బస్సు నడిపేవారు, భోజనం వడ్డించేవారు, గదులు శుభ్రం చేసేవారు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను కనిపెట్టుకుని ఉండే పారా ఎడ్యుకేటర్లు ఆ వేదిక మీద ఒక్కసారి కూడా కనిపించకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

మా అబ్బాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన కొత్తలో ఇంగ్లీషులో నోరు విప్పేవాడు కాదు. తాను మాంసం తిననని చెప్పుకోలేక, మొదటి వారమంతా ట్రేని ముట్టకుండానే తిరిగి ఇచ్చేశాడు. ఆ సంగతి ముందుగా గమనించినది లంచ్ లైనులో వడ్డించే ఆవిడ. ఆఫీసులో అడిగి కనుక్కుని, ఆ తర్వాత నుంచి పెప్పరోనీ అనే మాంసపు ముక్కలు లేని పిజ్జా ముక్క ఒకటి పక్కన ఉంచి, వాడు వరుసలోకి రాగానే వేలితో చూపించేది. బడి గురించి వాడు ఇంట్లో మొదట చెప్పిన పేరు ఆవిడదే.

పారా ఎడ్యుకేటర్ల (బడిలో అందరూ పిలిచే పేరు ‘పారాలు’) పని ఇంకా కష్టం. ఫైర్ డ్రిల్ మోగబోయే ముందే ఒక ఆటిజం ఉన్న పాపకు హెడ్‌ఫోన్లు తొడిగి, చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర సిద్ధంగా నిలబడిన పారాను నేను వాలంటీరుగా వెళ్లినప్పుడు చూశాను. వైకల్యమున్న పిల్లలకు ప్రభుత్వ బడిలో ఉచితంగా చదువుకునే హక్కును 1975 నాటి చట్టం ఇచ్చింది గానీ, రోజూ ఆ హక్కును నిలబెడుతున్నది ఇలాంటి చేతులే. గంటల లెక్కన జీతం తీసుకుంటూ, వేసవి సెలవుల్లో రాబడి లేక మరో పని వెతుక్కునేవారు వీరిలో ఎందరో.

2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో దాదాపు 30,000 మంది బడి సిబ్బంది మూడు రోజులు సమ్మె చేసినప్పుడు, ఉపాధ్యాయులు కూడా వారికి సంఘీభావంగా పని మానేశారు, బడులన్నీ మూతపడ్డాయి. చివరికి 30 శాతం జీతాల పెంపుతో ఒప్పందం కుదిరింది. వీరు లేకపోతే బడి నడవదని టీచర్లకు మనకంటే ముందే తెలుసు.

గణితంలో పై తరగతుల కోసం, గిఫ్టెడ్ ప్రోగ్రాముల కోసం స్కూల్ బోర్డు సమావేశాల్లో మైకు ముందు నిలబడటం మనవాళ్లకు బాగా అలవాటే. బడ్జెట్ చర్చ జరిగే రోజున పారాల గంట వేతనం గురించి కూడా అదే మైకు ముందు అడుగుదాం. నవంబరులో అమెరికన్ ఎడ్యుకేషన్ వీక్‌లోని బుధవారం ఈ సిబ్బందిని గౌరవించేందుకు కేటాయించిన రోజు కాబట్టి, ఈసారి మన శాలువాల లెక్కలో వారినీ చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.