గళ్ళ నుడికట్టులో పరసహాయ నియంత్రణ: ఒక ముసాయిదా

ఈ దేశంలో ఎవరు ఎవరికి ఏ సాయం చేసినా దానికి ఒక లెక్క ఉంటుంది. పెళ్ళి చదివింపులకు పుస్తకం ఉంది, చేబదులుకు ప్రామిసరీ నోటు ఉంది, ఎన్నికల విరాళానికి కనీసం ఒక వివాదమైనా ఉంది. తెల్లవారగానే దినపత్రికలోని గళ్ళ నుడికట్టును, అంటే క్రాస్‌వర్డ్ పజిలును, పూరించడానికి ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ, ఈమధ్య చేతిలోని ఫోనూ కలిసి చేస్తున్న సాయానికి మాత్రం రసీదు లేదు, జమాఖర్చు లేదు. ఇంత పెద్ద ఎత్తున సాగుతున్న లావాదేవీ ప్రభుత్వాల కంటబడకపోవడం విచారకరం. ఆ లోటును పూడ్చే ఉద్దేశంతో ఈ వ్యాసకర్త కొన్ని ప్రతిపాదనలను ప్రజల ముందు ఉంచుతున్నాడు.

ముందుగా సమస్య స్వరూపం తెలియాలి. తెలుగునాట గళ్ళ నుడికట్టుకు సాయం తీసుకున్నవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. పడక కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఎవరినీ ఏమీ అడగడు. ‘దశరథుడి సారథి, నాలుగక్షరాలు’ అని గాలిలోకి ఒక మాట వదులుతాడు, అంతే. వంటింట్లోంచి, తాలింపు చిటపటల నడుమ, ‘సుమంత్రుడండీ’ అని వినబడుతుంది. అప్పటికే కలం గడి మీద ఆని ఉంటుంది కనుక ‘అదే రాస్తున్నాను’ అంటాడాయన. ఆవిడ కాపురానికి వచ్చింది మొదలు ఈ మాట వింటూనే ఉంది కనుక మారు పలకదు. న్యాయశాస్త్ర దృష్టితో చూస్తే ఇక్కడ అర్థించడం లేదు, ఇవ్వడం లేదు, పుచ్చుకోవడం అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక స్వగతం, దాని వెంట ఒక ఆకాశవాణి. ఏ న్యాయస్థానమూ ఆయనను తప్పుపట్టలేదు. అందుకే కొత్త చట్టం అవసరమవుతోంది.

మన గళ్ళ నుడికట్టు నిర్మాణమే ఇలాంటి చాటుమాటు సాయానికి నీడనిస్తున్నదని కూడా ఒప్పుకోవాలి. ఇంగ్లీషు గడిలో పట్టేది ఇరవైయారింటిలో ఒక్క అక్షరం. మన గడిలోనైతే ఒత్తూ గుడీ సమేతంగా ‘స్త్రీ’ కాపురం ఉండగలదు. అడ్డంగా వచ్చే మాటకు కొమ్ము కావాలి, నిలువుగా వచ్చే మాటకు కొమ్ము కూడదు అన్నప్పుడు, సాయం చేయవచ్చినవారు అలవాటుగా అనే మాట ఒకటుంది: ‘దీర్ఘాల సంగతి తరవాత చూద్దాం లెండి.’ ఆ తరవాత ఎన్నడూ రాదు. మాట చివర సున్న పెట్టాలా, ‘ము’ అని విడదీసి మరో గడి ఆక్రమించాలా అన్న తగవులో అన్నదమ్ములు మాటలు మానేసిన సందర్భాలు ఉండే ఉంటాయి. సర్వే ఎవరూ చేయలేదు గాని, మానకుండా ఎలా ఉంటారు?

ఆధారాల తీరు ఇంకా సున్నితమైనది. ‘తల తిరిగితే తీగ (2)’ అని ఇస్తారు. కాసేపు తల తిరిగాక ‘లత’ తడుతుంది. ‘పాట వెనక్కి తిరిగితే పోస్టుమాను సంచిలోకి (2)’ అంటే టపా. ‘ఎటు తిరిగి పడుకున్నా ఒకటే నిద్ర (3)’ అంటే కునుకు. ఇలాంటి దాన్ని సొంతంగా విప్పుకున్న మనిషి ఆ పూట పచ్చడి మెతుకులతో కూడా విందు చేసుకోగలడు. సరిగ్గా ఆ క్షణానికి ఒక ఘడియ ముందు భుజం మీదుగా తొంగిచూసి ‘కునుకే కదా’ అనేసే బావమరిదిని చట్టం ఏమనాలి? అడగని సాయాన్ని దానంగా పరిగణించాలా, దొంగతనంగా పరిగణించాలా? అడిగిన సాయం కన్నా అడగని సాయం వల్లనే తెలుగు కుటుంబాల్లో ఎక్కువ నష్టం జరుగుతున్నదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని ఇబ్బంది పెట్టడానికే కూర్చుంటారు, అందుకు వారికి శాలువాలు కూడా కప్పుతారు. టీకొట్టు బల్ల మీద పేపరు పరుచుకున్నవాడి చుట్టూ కూడా ఎనిమిదిమంది చేరతారు. కాకపోతే అక్కడ సమస్యాపూరణానికీ దత్తపదికీ ఎవరూ దొరకరు. ఎనిమిదిమందికి ఎనిమిదిమందీ అప్రస్తుత ప్రసంగులే. ఒకడు ‘అర్జునుడి శంఖం, నాలుగక్షరాలు’ అన్న ఆధారం చదివి అర్జునుడి పాత్ర వేసిన నటుల గురించి మొదలుపెడతాడు. రెండోవాడు శంఖాలలో కుడివైపు మెలిక ఉన్నదాని ధర చెబుతాడు. మూడోవాడు మాత్రం గ్లాసు దించకుండానే ‘పాంచజన్యం’ అని తేల్చేస్తాడు.

అది కృష్ణుడిది. అర్జునుడిది దేవదత్తం. అయితే రెండూ నాలుగేసి అక్షరాలే, రెండూ చివర సున్నతోనే ముగుస్తాయి కనుక తప్పు సమాధానం గళ్ళలో సుఖంగా కూర్చుంటుంది. దాని వల్ల నిలువు ఆధారాలన్నీ ఒక్కొక్కటే మొండికేస్తాయి. ఎక్కడ దెబ్బతిన్నదీ తెలిసేసరికి ఆ సాయం చేసినవాడు టీ డబ్బులు కూడా ఇవ్వకుండా బస్సెక్కి ఉంటాడు. 1924లో న్యూయార్కులో సైమన్, షూస్టర్ అనే ఇద్దరు తమ ప్రచురణ సంస్థ తొలి పుస్తకంగా గళ్ళ నుడికట్ల సంపుటిని తెచ్చినప్పుడు, ముందుచూపుతో దానికొక పెన్సిలు జతచేసి అమ్మారు. మన పెద్దలకు పెన్సిలంటే నామోషీ. వారు పెన్నుతోనే రాస్తారు, రాసిన ‘పాం’ మీద ‘దే’ను దిద్దుతారు, దిద్దినదాన్ని మళ్ళీ దిద్దుతారు, చివరకు కూర్పరి తెల్లగా వదిలిన గడి కాస్తా నల్లగడిగా మారి పజిలు స్వరూపమే వేరవుతుంది.

పరసహాయం మన ఒక్కరి జాడ్యమే అనుకుంటే పొరపాటు. ఆర్థర్ విన్ అనే పత్రికా రచయిత 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రాకారపు గళ్ళతో ఈ క్రీడను లోకం మీదికి వదిలాడు. కొన్నేళ్ళు తిరిగేసరికి న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం తన నివేదికలో మొర పెట్టుకోవలసి వచ్చింది: పజిలు రాయుళ్ళు నిఘంటువుల మీదా విజ్ఞానసర్వస్వాల మీదా గుంపులుగా వాలడంతో, వాటితో నిజంగా పని ఉన్న చదువరులకు చోటు దొరకడం లేదట. మన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు గాని, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరానికి గాని తొక్కిసలాట భయం పట్టుకున్న దాఖలా లేదు. మనకు వంటింటి ఆకాశవాణి ఉండగా అంత దూరం పోవలసిన ఖర్మేమిటి? 1924లో న్యూయార్క్ టైమ్స్ ఈ క్రీడను పాపిష్టి కాలహరణమని మందలించి, 1942లో తానూ మొదలుపెట్టి, ఆ తరవాతి రోజుల్లో సమాధానం తోచనివారు ఫోను చేస్తే నిమిషాల లెక్కన రుసుము తీసుకుని చెప్పే ఏర్పాటు కూడా చేసింది. పాపాన్ని ముందు ఖండించి, పిమ్మట దానికి రేటు కట్టిన ఈ పద్ధతిని మన ఆర్థిక శాఖలు శ్రద్ధగా అధ్యయనం చేయాలి.

బ్రిటిషువారు సాయం లేకుండా పూరించగలవారి విలువ ఎరిగినవారు. 1942 జనవరిలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ తన కార్యాలయంలో పోటీ పెట్టి, పన్నెండు నిమిషాల గడువిచ్చింది. అందులో నెగ్గుకొచ్చిన కొందరికి తరవాత సైన్యం నుంచి పిలుపు వచ్చింది, బ్లెచ్లీ పార్కులో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించే పని దొరికింది. ఆ పోటీని మన వరండాలో పెట్టి ఉంటే, అభ్యర్థితో పాటు వాళ్ళావిడను, పక్కింటి మాస్టారిని, బావమరిదిని కూడా యుద్ధంలో చేర్చుకోవలసి వచ్చేది.

రెండేళ్ళకు అదే పత్రిక గళ్ళలో మరో విడ్డూరం జరిగింది. మిత్రసేనలు నార్మండీలో దిగబోయే ముందు నెలలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అనే అత్యంత రహస్యమైన సైనిక సంకేతాలన్నీ వరుసగా సమాధానాలై కూర్చున్నాయి. గూఢచారి శాఖవారు వచ్చి కూర్పరి అయిన లెనార్డ్ డా అనే ప్రధానోపాధ్యాయుడిని నిలదీశారు. ఏమీ బయటపడలేదు. నలభై ఏళ్ళ తరవాత, 1984లో, ఆయన పూర్వ విద్యార్థి ఒకడు అసలు సంగతి ఇదీ అంటూ చెప్పుకొచ్చాడు: ఖాళీ గళ్ళను మాటలతో నింపే పనిని మాస్టారు పిల్లలకు అప్పగించేవారట, వాళ్ళు దగ్గరలో మకాం వేసిన సైనికుల నోట విన్న మాటలను తెచ్చి అందులో పోసేవారట. అది నిజమైతే, పూరించేవాడే కాదు, కూర్చేవాడు కూడా పరసహాయానికి అతీతుడు కాడని తేలుతుంది. పిల్లల పేర్లు పక్కన వేసి ఉంటే మాస్టారికి ఆ విచారణ తప్పేది.

ఇక ఆధునిక సాయం సంగతి. ఈమధ్య ఇళ్ళలో పెద్దల స్వగతం ఫోను వైపు మళ్ళింది. అడిగిన ప్రతిదానికీ అణకువగా బదులిచ్చే కృత్రిమ మేధ వచ్చాక, ‘అదే రాస్తున్నాను’ అని గదమాయించవలసిన అవసరం కూడా లేకుండా పోయింది. చిక్కల్లా అక్షరాల లెక్క దగ్గరే వస్తుంది. పలక మీద దిద్దిన ఏ పిల్లవాడికైనా ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటరు లిపి సంకేతాలలో మాత్రం అది సకారం, పొల్లు, తకారం, మళ్ళీ పొల్లు, రేఫ, దీర్ఘపు గుడి కలిసి ఆరు. అందువల్ల మూడక్షరాల మాట కోరితే ఆ యంత్రం నిస్సంకోచంగా ఐదక్షరాల మాట ఇచ్చి, సరిగ్గా మూడే ఉన్నాయని వేళ్ళు మడిచి చూపించినంత పని చేస్తుంది. మన బావమరుదులను ఇన్నాళ్ళూ అనవసరంగా ఆడిపోసుకున్నామేమో. వాళ్ళకు కనీసం లెక్క వచ్చు.

శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’లు కూర్చి, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’లు కట్టి పాఠకుల బుర్రలకు పదును పెట్టిన భాష మనది. అంతటి వారసత్వాన్ని గాలికి వదలరాదు కనుక ముసాయిదాలోని ముఖ్యాంశాలను ఇక్కడ మనవి చేస్తున్నాను. సాయంగా అందిన మాట ఉన్న ప్రతి గడి మూలలోనూ ఇచ్చినవారి పొడి అక్షరాలు వేయాలి. వంటింటి నుంచి వచ్చే సమాధానాలకు, పొయ్యి మీద కూర మాడే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, మాటకు ఇంత అని గౌరవ వేతనం నిర్ణయించాలి. పాత బకాయిలను పెళ్ళినాటి నుంచి లెక్కగట్టాలని కొందరు గృహిణులు పట్టుబట్టవచ్చు. రాష్ట్ర ఖజానాల ప్రస్తుత స్థితిలో అది సాధ్యం కాదని ముందే చెప్పడం మంచిది. తప్పు సాయం చేసినవాడు మరునాడు జవాబులు అచ్చయ్యేదాకా ఊరు దాటరాదు. క్షురశాలలో ఒకరు సగం నింపి వదిలిన పజిలును మరొకరు పూర్తిచేస్తే అది ఉమ్మడి ఆస్తి అవుతుంది. అందులో కొత్తగా వచ్చినవాడు దిద్దవచ్చు గాని కొట్టివేయరాదు. మనవలు చెప్పే సినిమా పేర్లకూ క్రికెట్ జట్ల పేర్లకూ మినహాయింపు ఇవ్వక తప్పదు, ఎందుకంటే వాటిని తాతగారు సొంతంగా పూరించారంటే ఎలాగూ ఎవరూ నమ్మరు.

శిక్ష విషయంలో జరిమానాలు పనికిరావని నా మనవి. సాయం పుచ్చుకుని దాచినట్టు రుజువైన పెద్దమనిషి అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది గళ్ళతో ఒక నుడికట్టును ఆధారాలతో సహా స్వయంగా కూర్చాలి. దాన్ని ఆదివారం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదికీ పంచాలి. వాళ్ళు ఒక్కొక్క ఆధారాన్నీ పైకి చదివి ‘ఇదేం తెలుగండీ’ అని ముక్కున వేలేసుకుంటున్నంతసేపూ ఆయన ఆ గదిలోనే, నోరు విప్పకుండా కూర్చుని ఉండాలి.