ఇంటా వంటా లేని రోగం

షుగర్ ఉందని మొదటిసారి తెలిసిన మనిషి నోట మామూలుగా రెండు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. "మా నాన్నకూ ఉంది కదండీ, నాకు రాకుండా ఎక్కడికి పోతుంది" అనేది ఒకటి. "మా ఇంటా వంటా లేదు, నాకెందుకొచ్చింది?" అనేది రెండోది. ఏ సర్కారు దవాఖానా ఓపీలో గంటసేపు కూర్చున్నా ఈ రెండూ వినపడతాయి. పైకి ఎడమొహం పెడమొహంగా ఉన్నా రెండు మాటల అడుగున ఉన్న నమ్మకం ఒక్కటే. రోగం రక్తంలో ఉంటుంది, ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. ఈ నమ్మకం జనానికే కాదు, ప్రభుత్వాలకూ సౌకర్యంగానే ఉంది. తప్పు తాతముత్తాతలదైపోతే ఇక నిలదీయడానికి ఎవరూ మిగలరు.

ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన అధ్యయనం ఒకటి మన దగ్గరే జరిగింది. 2005-07 మధ్య హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నోలలోని ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కార్మికులను, వారి భార్యలను లేదా భర్తలను పరిశోధకులు పిలిచారు. ఊళ్లోనే ఉండిపోయిన అన్ననో తమ్ముడినో, అక్కనో చెల్లినో వెంటబెట్టుకు రమ్మన్నారు. పట్నంలోనే పుట్టి పెరిగిన వాళ్లనూ పక్కన పెట్టి చూశారు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరి వంశం ఒకటే. పెద్ద తేడా బతికిన చోటులో ఉంది.

2010లో వెలువడిన ఫలితాల్లో మగవాళ్ల లెక్క ఇది. ఊళ్లో ఉన్నవాళ్లలో షుగర్ 6.2 శాతం మందికి ఉంటే, ఊరు వదిలి వచ్చినవాళ్లలో 14.3 శాతం మందికి ఉంది. పట్నంలోనే పుట్టినవాళ్లలో 13.5 శాతం. అంటే వలస వచ్చిన మనిషి షుగర్ విషయంలో పట్నం మనిషితో సమానమైపోయాడు, సొంత అన్నదమ్ముడికి మాత్రం దూరమయ్యాడు. ఒళ్లు రావడంలోనూ ఇదే తీరు. ఊబకాయం ఊళ్లో 19 శాతం, వలస వచ్చినవాళ్లలో దాదాపు 38 శాతం.

ఈ అంకెల వెనక ఉన్న మనుషులు మనకు తెలియనివాళ్లు కారు. సంక్రాంతికి ఊరొచ్చిన తమ్ముడు అరిసెల పళ్లెం పక్కకు జరిపి, జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీసి, "వదినా, నా టీలో పంచదార వెయ్యకు" అంటాడు. పదేళ్లు పెద్దవాడైన అన్న అదే అరుగు మీద కూర్చుని రెండో అరిసె తుంచుకుంటాడు. తమ్ముడు తిండిపోతు కాదు, సోమరీ కాదు. పాతికేళ్లు షిఫ్టు డ్యూటీలు చేశాడు, కంపెనీ బస్సులో వెళ్లి వచ్చాడు, నైట్ షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి టీ మీద టీ తాగాడు. ఇంటి అద్దె, పిల్లల ఫీజుల టెన్షన్ ఎప్పుడూ ఉండనే ఉంది. ఆయన నడుద్దామన్నా ఆయన ఉండే కాలనీలో ఫుట్‌పాత్ లేదు.

అలాగని జన్యువులను తీసిపారేయడం కూడా పొరపాటే. దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఊడిపోయి ఉంటుందని, అది గుండె వైఫల్యానికి దారితీయవచ్చని 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం ప్రపంచానికి చెప్పింది. ఆ మార్పుతో పుట్టినవాళ్లలో చాలామందికి మధ్య వయసు దాకా ఏ ఇబ్బందీ కనపడదు. వయసులో ఉన్నంతకాలం లోపమున్న ప్రోటీన్‌ను శరీరం ఎప్పటికప్పుడు ఊడ్చేస్తూ ఉంటుందని, వయసు మీద పడ్డాక ఆ సత్తువ తగ్గుతుందని వాళ్లు వివరించారు. ఇలా పుట్టుకతో వచ్చి నడివయసు దాటాక బయటపడే భారం మనలో ఎంతోమంది మోస్తున్నారు. దాన్ని మోసే ఒంటిని ఎలాంటి తిండితో, ఎలాంటి పనితో, ఎలాంటి గాలిలో అరవై ఏళ్లకు చేరుస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

ఒక్కోసారి ఏది రక్తం నుంచి వచ్చిందో, ఏది బతుకు నుంచి వచ్చిందో విడదీయడం మజ్జిగలో కలిసిన ఉప్పును ఏరడం లాంటిది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలను డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండ్‌లో పుట్టిన బిడ్డలతో పోల్చింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు. ఇంత తేలిగ్గా పుట్టినా మన బిడ్డల ఒంట్లో కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు, తగ్గిందల్లా కండ. సన్నగా కనిపిస్తూనే షుగర్‌కు సిద్ధంగా ఉన్న ఒళ్లు అది. అందులో వంశం వాటా ఉండొచ్చు. తరతరాలుగా అర్ధాకలితో పొలం పని చేసి, ఆఖరి ముద్ద తిన్న తల్లుల వాటా కూడా ఉంది. "షుగర్ మా వంశంలోనే ఉంది" అనే ఇంట్లో ఆకలి కూడా వంశంలోనే ఉండి ఉండొచ్చు.

ఆ తల్లులకు తిండి పెడితే ఏమవుతుంది? దీనికీ హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే ఒక జవాబు దొరికింది. 1987-90 మధ్య 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో ఒక ప్రయోగం సాగింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే అందిన 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. పథకం ఇంకా చేరని 14 ఊళ్లలో అది లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షలు చేశారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. అది చిన్న తేడానే. కానీ షుగర్‌కు తొలిమెట్టు అయిన ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం) వాళ్లలో 20 శాతం దాకా తక్కువగా ఉంది, రక్తనాళాల బిరుసుదనమూ తక్కువే. తల్లి కడుపుతో ఉన్నప్పుడు గిన్నెలో వడ్డించిన ఉప్మా, పదిహేనేళ్ల తర్వాత కొడుకు రక్తనాళాల్లో కనపడింది. ఈ రాష్ట్రాల్లో ప్రతి ఆరోగ్య మంత్రి బల్ల మీద ఉండాల్సిన ఫలితం ఇది.

ఒంటికే కాదు, మతికీ ఇది వర్తిస్తుంది. మతిమరుపు వ్యాధికి దారితీసే జన్యువుల గురించి ఇప్పుడు చాలామంది విన్నారు. నిమ్స్‌లో డాక్టర్ అల్లాడి సువర్ణ బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) రోగుల వివరాలు పరిశీలించి 2013లో చెప్పిన సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే, తెలుగో ఉర్దూనో హిందీయో కలిపి రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఈ తేడా ఉంది. జబ్బును నాలుగేళ్లు వెనక్కి నెట్టే మందు ఏదైనా వస్తే దాని ధర ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి బతికిన పాతబస్తీ గల్లీ ఆ పని ఉచితంగా చేసింది. దేశవ్యాప్త సర్వేలో డిమెన్షియా ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువు లేనివాళ్లలో ఎక్కువగా తేలిందంటే, అరవై ఏళ్ల కిందట ఏ ఆడపిల్లను బడి మాన్పించి పశువుల వెంట పంపామో ఆ లెక్క ఇప్పుడు తేలుతోందని అర్థం.

ఇక మన ప్రభుత్వాలు డబ్బు ఎక్కడ పెడుతున్నాయి? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. దాన్ని మేము ఎన్నోసార్లు సమర్థించాం, ఇప్పుడూ సమర్థిస్తున్నాం. కానీ స్టెంట్ వేయించుకోవాల్సిన గుండె ఒక్కరోజులో తయారు కాదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పథకాలు పేర్లు మారుతూ నడుస్తున్నాయి. కాగితం మీద ఇవి మంచి పథకాలే. గుడ్లు రాలేదనో, బిల్లులు ఆగాయనో, టీచర్ పోస్టు ఖాళీగా ఉందనో వార్త వస్తే అది జిల్లా పేజీలో మూలకు పోతోంది. ఆ తప్పులో పత్రికలుగా మా వాటా కూడా ఉంది. అంగన్‌వాడీ గుడ్డును సంక్షేమ పద్దులో దానంలా రాయడం మానేసి, ముప్పై, నలభై ఏళ్ల తర్వాతి డయాలసిస్ ఖర్చు పక్కన పెట్టి లెక్క చూడాలి.

ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఉంది. దాన్ని వంశం వైపు నుంచి కూడా నడపాలి. ఒకరికి షుగర్ అని తేలితే వాళ్ల తోబుట్టువులను, ఎదిగిన పిల్లలను ఆశా కార్యకర్త పిలిపించాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లి కాన్పు కాగానే రికార్డుల్లోంచి మాయమైపోకూడదు. కుటుంబ చరిత్ర ముందే జాగ్రత్తపడడానికి పనికిరావాలి. దాన్ని చూపించి జనాన్ని భయపెట్టి వేల రూపాయల జీన్ టెస్ట్ ప్యాకేజీలు అమ్మడం ఆగాలి.

ఉప్మా తిన్న ఆ ఊళ్ల పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డారు. మన దగ్గర షుగర్ బయటపడే వయసు అది. వాళ్లలో చాలామంది ఎక్కడికీ వలస పోలేదు. ఈ ముప్పై ఏళ్లలో హైదరాబాదే పెరుగుతూ వాళ్ల ఊళ్ల వైపు వచ్చింది. పొలాలు ప్లాట్లయ్యాయి, కాలినడక బైకుగా మారింది, ఊరి మొదట్లో ఫ్రైడ్‌రైస్ బండి వెలిసింది. అప్పట్లో పోల్చి చూడటానికి ఊళ్లో ఒక అన్న ఉండేవాడు. ఇప్పుడు ఆ అన్నకూ తమ్ముడి బతుకే వచ్చింది. ఆ ఊళ్లకు కొత్త లేఅవుట్లు మంజూరు చేసే అధికారులు నడవడానికి దారి, ఆడుకోవడానికి స్థలం వదిలారో లేదో చూసే బాధ్యతను ఆరోగ్య శాఖకు కూడా అప్పగించాలని మేము కోరుతున్నాం.