గుడ్ల బీరువా గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ గుడ్ల బీరువా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కడుపులో ఉన్నవాటిలో ఒక్కటీ కుశలంగా లేదు కాబట్టి ఆ మాట మింగేశాను. మీరు నన్నెరగరు. గూళ్ళలోంచి పిట్ట గుడ్లు తెచ్చి పోగేసేవాళ్ళు వాటిని దాచుకునే బీరువా అని మాత్రం మిమ్మల్ని నేనెరుగుదును. బ్రిటన్‌లో ఏదో పాత ఇంటి మేడ గదిలో, నిగనిగలాడే మహాగని చెక్కతో, పల్చటి సొరుగులు వరసగా పేర్చుకుని నిలబడి ఉంటారని ఊహించుకుంటున్నాను. మొన్న ఆదివారం ‘టానీ పిపిట్’ అనే 1944 నాటి ఇంగ్లీషు సినిమా చూశాను. చూశాక మీకు నాలుగు ముక్కలు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

కథ మీకు నచ్చదు, ముందే చెప్తున్నా. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. దెబ్బల నుంచి కోలుకుంటున్న పైలట్ ఒకడు, అతని నర్సు కలిసి పల్లెటూరి పొలాల్లో షికారు చేస్తూ ఒక పిట్టల జంటను చూస్తారు. టానీ పిపిట్ అంటే అదే, ఇంగ్లండ్‌లో గూడు కట్టడం దాదాపు ఎన్నడూ ఎరగని పిట్ట. ఇక ఊరంతా ఆ గూటికి కాపలా. మిలిటరీ ట్యాంకులు వస్తే ఆపిస్తారు. పొలం దున్నాలని సర్కారు అంటే కాళ్ళావేళ్ళా పడి మాన్పిస్తారు. అవతల హిట్లర్‌తో చావో రేవో అన్నట్టుంటే, ఇక్కడ వీళ్ళకి పిట్ట గుడ్ల టెన్షన్! అప్పుడు దిగుతారు అసలు విలన్లు, అంటే గుడ్లు పోగేసే మీ మనుషులు. ట్యాంకుకి ఆ గూడు అక్కడుందనే తెలీదు, నాగలికీ తెలీదు. పనిగట్టుకుని వెతుక్కుంటూ వచ్చేవాడు మాత్రం పిట్టలంటే నాకు ప్రాణం అని చెప్పుకునేవాడే.

సినిమా వాళ్ళదీ ఒక గుట్టు చెప్పనా? నిజం టానీ పిపిట్లు ఉండే యూరప్ అప్పుడు జర్మన్ల చేతిలో ఉంది. అందుకని మెడో పిపిట్ అనే మామూలు పిట్టల చేత ఆ వేషం వేయించారు. హీరోకి డూప్ ఉంటాడని తెలుసు గానీ పిట్టకి కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. మీ మనుషులు నిజంగానే షూటింగ్‌కి వచ్చి ఆ గుడ్లు కొట్టేసి ఉంటే మంచి నవ్వులాటగా ఉండేది.

నేనూ పతివ్రతనేం కాదు లెండి. ఎనిమిదేళ్ళప్పుడు మా పెరటి గోడ కన్నంలోంచి గోరింక గుడ్డు ఒకటి తీశాను. లేత నీలం రంగు, ఉతికి ఆరేసిన స్కూలు చొక్కా రంగు. నిక్కరు జేబులో వేసుకుని చెట్టెక్కాను. దిగేసరికి జేబంతా జిగట. మా నాయనమ్మ ఆ నిక్కరు ఉతుకుతూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నా దొంగతనానికి గంటలో, నా జేబులోనే శిక్ష పడింది. మీకేమో గాజు మూత, దూది పరుపు!

మీ పని ఎంత నాజూకో చదివాను. గుడ్డు పక్కన సన్న డ్రిల్లుతో ఒక్కటే బెజ్జం. అందులోకి సన్న గొట్టంతో గాలి ఊదితే సొన అదే బెజ్జంలోంచి బయటికి కారుతుంది. నీళ్ళతో లోపల పుక్కిలించినట్టు కడిగి, బోర్లించి ఆరబెట్టి, బెజ్జం పక్కన చీమ తలంత అక్షరాలతో నంబరు వేస్తారు. అప్పటికే లోపల పిల్ల తయారవుతూ ఉంటే కొంచెం ఇబ్బంది. చిన్న కత్తెరతో ముక్కలు చేసి, కొక్కెంతో లాగాలి. గూట్లో నాలుగుంటే నాలుగూ తేవాలి, ఒకటి వదిలేస్తే సెట్టు చెడిపోతుంది. ఆఖరికి సొరుగులో పెట్టి మూసేస్తారు. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది కదా! అందం చూసుకోవడానికి తెచ్చారు, చూస్తే అందం పోతుందని చీకట్లో పెట్టారు. పిల్ల వచ్చి గుడ్డును వెక్కిరించిందని మాకో సామెత ఉంది. మీ ఇంట్లో ఆ వెక్కిరింపుకీ నోచుకోలేదు, పిల్ల అంటూ వస్తే కదా.

మీ ప్రేమకో లెక్కుంది. పిట్ట తరిగేకొద్దీ ప్రేమ పెరుగుతుంది. గ్రేట్ ఆక్ అనే ఎగరలేని సముద్రపు పక్షి అంతరించిపోతోందని తెలియగానే, పాపం, అందరికీ దాని మీద మమకారం పుట్టుకొచ్చింది. 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డీ దీవిలో ఆఖరి జంటను చంపింది కూడా, అలాంటి పక్షులు కావాలని అడిగినవాళ్ళ కోసమే. ఇప్పుడు లోకం మొత్తం మీద దాని గుడ్లు ఓ డెబ్భై అయిదు మిగిలాయి, అన్నీ మీలాంటి వారి దగ్గరే.

మీవాళ్ళలో జార్జ్ లప్టన్ గారిది ఇంకో తరహా. ఈ లాయరు గారు అరుదైనవాటి వెంట పడలేదు. యార్క్‌షైర్‌లోని బెంప్టన్ కొండ అంచుల్లో గుంపులుగా ఉండే గిలెమాట్ అనే సముద్రపు పక్షి గుడ్లే వెయ్యికి పైగా పోగేశారు. ఆ పక్షి గుడ్లు ఏ రెండూ ఒకలా ఉండవు, కానీ ఒక తల్లి ఏటా పెట్టే గుడ్డు మాత్రం అదే రంగు, అవే గీతలు. అంటే నచ్చిన డిజైన్ దొరికితే ఏటా అదే కొండ అంచు దగ్గర, అదే తల్లి దగ్గర వసూలు చేసుకోవచ్చు. మా ఊళ్ళో పాల ఖాతా ఇలాగే ఉండేది. కాకపోతే దూడకి కాసిని వదిలేవారు.

1954లో బ్రిటన్‌లో చట్టం వచ్చి దాదాపు అన్ని అడవి పిట్టల గుడ్లూ తీయకూడదంది. సరిగ్గా ఆ ఏడే స్కాట్లాండ్‌లోని లాఖ్ గార్టెన్ సరస్సు దగ్గరికి ఆస్ప్రే జంట వచ్చింది. చలికాలంలో మన చెరువుల మీద కూడా కనిపిస్తుందే, చేపలు పట్టే డేగ, అదే జాతి. బ్రిటన్‌లో తుపాకులవాళ్ళూ మీవాళ్ళూ కలిసి దాన్ని ఎప్పుడో ఖాళీ చేయించారు. తిరిగొచ్చిన అతిథికి రాత్రీ పగలూ కాపలా పెట్టారు. అయినా 1958లో ఒక రాత్రి మీవాడొకడు చెట్టెక్కి గుడ్లు తీసేశాడు. పోతూ పోతూ గూట్లో రెండు కోడిగుడ్లు పెట్టాడు, గోధుమరంగు బూట్ పాలిష్ పూసి మరీ! ఆ శ్రద్ధకి నేను దణ్ణం పెట్టాను.

మరుసటి ఏడు జార్జ్ వాటర్‌స్టన్, పక్షుల సంఘం వాళ్ళూ కలిసి రివర్సులో ఆలోచించారు. దాచడం మానేసి, రండి చూడండి అని జనాన్ని పిలిచారు. 14,000 మంది వచ్చారు. ఆ ఏడు మూడు పిల్లలు ఎగిరాయి. నాకు బాగా నచ్చింది ఇదే. సినిమాలో ఒక ఊరు చేసిన పని, ఇక్కడ టెలిస్కోపు ముందు క్యూ కట్టిన జనం చేశారు. మీకేమో ఆనాటి నుంచీ దొంగకు తేలు కుట్టినట్టే. 1981 చట్టంతో అలాంటి గుడ్లు దగ్గరుంచుకోవడమే నేరమైంది. 2000 చట్టం వచ్చాక ఇంగ్లండ్‌లో జైలు కూడా. మహాగని బీరువా హోదా నుంచి మంచం అడుగున రహస్యపు అర దాకా దిగజారిపోయారు మీరు.

ఇక నా గొంతులో వెలక్కాయ పడే సంగతి. 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త మీలాంటి బీరువాల్లోని పాత డేగ గుడ్లను తూచి, కొలిచి, 1940ల చివరి నుంచి పెంకులు పల్చబడుతున్నాయని చూపించాడు. కారణం డీడీటీ అనే పురుగుమందు. పోల్చి చూడ్డానికి పాత గుడ్లు మీ దగ్గర తప్ప ఇంకెక్కడున్నాయి? సరే, ఒక థాంక్స్. పళ్ళు కొరుక్కుంటూ చెప్తున్నా, తీసుకోండి.

రెండో థాంక్స్ చెప్పాలంటే ఇంకా కష్టంగా ఉంది, అది మా ఇంటి విషయం. కలివికోడి అని మా కడప పిట్ట. 1900 తర్వాత 86 ఏళ్ళు కనిపించలేదు, 1986లో లంకమల పొదల్లో దొరికింది. మీ సినిమాలో ట్యాంకులు ఆగాయి, మా దగ్గర దాని కోసం తెలుగుగంగ కాలువే దారి మార్చుకుంది. ఇంత చేసినా దాని గుడ్డు ఎలా ఉంటుందో మాకు తెలీదు. తీరా చూస్తే, 1917లో కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన పశువుల డాక్టరు సంపాదించిన గుడ్డొకటి చేతులు మారి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియం చేరింది. సుమారు తొంభై అయిదేళ్ళకి డీఎన్‌ఏ పరీక్ష చేసి అది కలివికోడిదేనని తేల్చారు. పిట్ట కడపలో, గుడ్డు అబర్డీన్‌లో! దానికీ బెజ్జం పెట్టి, ఊది, కడిగి ఆరబెట్టే ఉంటారు. మా నాయనమ్మ ఉంటే ఆ పశువుల డాక్టరుకి రెండు తగిలించేది.

ఇట్లు,
నిక్కరు జేబు పాత నేరస్థుడు

తా.క.: అరుదైనదే కావాలంటారు కదా. లోకంలో రెండంటే రెండే ఉన్న గుడ్లు నాకు తెలుసు: 1958 నాటివి, స్కాట్లాండ్, ఆస్ప్రే గూట్లో దొరికినవి, బూట్ పాలిష్ రంగు, తల్లి కోడి. ఏ సొరుగులో పెట్టారో కాస్త చూసి చెప్పండి.