చెప్పులు విప్పించని డాక్టరు

"ఇంట్లోంచే డాక్టరుకు చూపించుకోండి" అనే యాడ్ కనబడినప్పుడల్లా నాకు అమ్మ కాలు గుర్తొస్తుంది.

అమ్మకు పన్నెండేళ్లుగా షుగరు. నర్సీపట్నం దగ్గర మా ఊరి నుంచి మూడు నెలలకోసారి వైజాగ్ ప్రయాణం. పరగడుపున తొలి బస్సెక్కి, కాంప్లెక్స్‌లో దిగి, ఆటో పట్టుకుని, రక్తం ఇచ్చి, సంచిలో తెచ్చుకున్న ఇడ్లీ తిని, రెండు గంటలాగి మళ్లీ రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా టోకెన్ పట్టుకుని కూర్చుంటే డాక్టరు గారు రిపోర్టు చూసి "అవే మందులు వాడండమ్మా" అనేవారు. అందుకే యాప్‌లో వీడియో రివ్యూ ఉందనగానే ఎగిరి గంతేసింది నేనే. రక్తం ఇంటికొచ్చి తీసుకెళ్తారు, రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది, ఐదు నిమిషాల్లో పనైపోతుంది. ఏడాదిపాటు అలాగే నడిచింది. షుగరు అదుపులోనే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్తే, అమ్మ కాళ్లు కడుక్కుంటున్నప్పుడు చూశాను, చిటికెన వేలి సందులో పుండు. నొప్పి తెలియలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదట. ఏళ్ల తరబడి షుగరుంటే కాళ్లకు స్పర్శ పోవచ్చు. అప్పుడు గుర్తొచ్చింది, వైజాగ్‌లో ఏడాదికోసారి డాక్టరు గారు చెప్పులు విప్పించి, సన్నటి నైలాన్ పోగు అరికాలికి ఆనించి "తెలుస్తోందా?" అని అడిగేవారు. ప్రయాణం దండగని లెక్కలేసిన నేను ఆ పోగును లెక్కలో వేయలేదు. ఫోన్లో ఏడాదంతా కనబడింది అమ్మ ముఖమే.

ఇంకో మంట. పుండు ఫొటో పెడితే యాప్‌లో 500 తీసుకుని "ఒకసారి తీసుకురండి" అన్నారు. తీసుకెళ్తే మళ్లీ ఓపీ చీటీ. వీడియో ఫీజు ఇక్కడ చెల్లదట! రమ్మనడాన్ని నేను తప్పుపట్టను. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా, నేరుగా చూడాలనిపిస్తే రమ్మని చెప్పమనే అంటాయి. ఒకే పుండుకు రెండుసార్లు గుంజడమేంటి?

దీనికంటే డాక్టరును వీడియోలో చూపించే సర్కారు వారి ఈ-సంజీవనే నయం. ఊరి క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (అక్కడ పనిచేసే ఆరోగ్య కార్యకర్త) పక్కనే ఉండి బీపీ చూసి, డాక్టరును లైన్లోకి తీసుకుంటుంది. నెట్ సతాయిస్తుంది, నిజమే. కానీ పేషెంటును పట్టుకుని చూసే చెయ్యి ఒకటుంది కదా. మా యాప్‌లో అమ్మ, ఫోను తప్ప ఎవరున్నారు?

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు రెండు రివ్యూలు ఫోన్లో, మూడోది వైజాగ్‌లో. మొన్న వెళ్లినప్పుడు డాక్టరు గారు ఫైలు తెరవకముందే అమ్మ చెప్పులు విప్పేసి కూర్చుంది.