చోక్ ఉంచేసి ఎల్‌ఈడీ ఎక్కించమంటారా!

ఈ వారంలో ఆ ఫార్వర్డ్ రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి "ఇది తప్పండీ" అన్నాను. మూడోసారి పంపినవాడు నా స్నేహితుడే, పైగా ఇంజినీరు. "ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టొద్దు" అన్నది దాని సారం.

"కళ్లు పోతాయి." పోవు. తర్వాతది.

"ఎల్‌ఈడీల నుంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి." సరిగ్గా తిరగేసి రాశారు. అవి పుట్టేది ట్యూబ్‌లైట్‌లో, పాదరసం ఆవిరిలో. గొట్టం లోపలి తెల్లపూత వాటిని మామూలు వెలుగుగా మారుస్తుంది.

"కరెంటు ఏమీ ఆదా కాదు." పాత ట్యూబు 36 వాట్లు, దానికి వెళ్లే కరెంటును అదుపుచేసే ఇనప చోక్ తినేది ఇంకో పది దాకా. ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లు. రోజుకు పది గంటలు వెలిగితే ఒక్క ట్యూబు దగ్గరే నెలకు ఇంచుమించు 8 యూనిట్లు మిగులుతాయి. గుణకారం మీరే చేసుకోండి.

ఇక అసలు ఘనకార్యం: "తప్పక మార్చాలంటే చోక్ అలాగే ఉంచి అదే ఫిట్టింగ్‌లో ఎక్కించేయండి, ఎలక్ట్రీషియన్ దండగ." మార్చొద్దన్న మెసేజే మార్చడం నేర్పుతోంది, అది వేరే సంగతి. ఎల్‌ఈడీ ట్యూబులన్నీ ఒక రకం కాదు. కొన్ని పాత చోక్‌తో పనిచేస్తాయి, అదీ స్టార్టర్ తీసి డబ్బాలో ఇచ్చిన డమ్మీ స్టార్టర్ పెడితేనే. కొన్నిటికి చోక్, స్టార్టర్ రెండూ తప్పించి కరెంటు నేరుగా ఇవ్వాలి. వాటిలోనూ కొన్నిటికి ఫేజు, న్యూట్రల్ ఒకే చివర, కొన్నిటికి చెరో చివర. చెరో చివర రకాన్ని కరెంటు ఆపకుండా ఒక కొస హోల్డర్‌లో పెడితే, రెండో కొస పిన్నులు మీ వేళ్ల మధ్య ఉంటాయి. షాక్ కొట్టి నిచ్చెన మీంచి పడితే, ఫార్వర్డ్ చేసినాయన కింద నిలబడి పట్టుకుంటాడా?

అంతటితో అయిపోలేదు. ఒకే చివర వైరింగ్ చేసిన ఫిట్టింగ్‌లో, ఆర్నెల్ల తర్వాత ఎవరో మూలనున్న పాత ట్యూబు తెచ్చి పెట్టారనుకోండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య దాని సన్నని ఫిలమెంటు తప్ప ఇంకేమీ ఉండదు. ఠప్పుమంటుంది. అందుకే వైరింగ్ మార్చాక "ఇందులో ఎల్‌ఈడీ ట్యూబే వాడాలి" అని ఫిట్టింగ్ మీద చీటీ అంటించాలి.

"పాత ట్యూబు పగిలితే చీపురుతో ఊడ్చేస్తే చాలు." చాలదు. లోపల ఉన్నది కొద్ది మిల్లీగ్రాములే అయినా పాదరసమే. కిటికీలు తెరిచి పది నిమిషాలు బయటికి వెళ్లండి. తర్వాత అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీయండి.

"ఎల్‌ఈడీలు చెప్పినన్నాళ్లు రావు." ఇది మాత్రం ఒప్పుకుంటాను. నాదొకటి రెండేళ్లయినా నిండకుండానే మినుకుమినుకుమంటూ ఆరిపోయింది. విప్పి చూస్తే చిప్పులన్నీ బాగానే ఉన్నాయి. చిప్పులకు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూట్, అంటే డ్రైవర్, అందులోని కెపాసిటర్ నెత్తి ఉబ్బిపోయి ఉంది. గాలి ఆడని డబ్బాలో బిగించాను, వేడికి పోయింది. ఆ ఒక్క పాయింటూ ఉంచి మిగతావి కొట్టేసి పంపండి, ఐదోసారి నేనే ఫార్వర్డ్ చేస్తాను.