మోసగాడన్న పేరు మీకెందుకండీ, స్ఫాలరైటు గారూ?

మహారాజశ్రీ జింకు రాయి స్ఫాలరైటు గారికి, శ్రీకాకుళం జిల్లా నుంచి ఓ కెమిస్ట్రీ లెక్చరరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

గ్రీకులో మీ పేరుకి అర్థం మోసగాడట. పూర్వం గనివాళ్లు మిమ్మల్ని చూసి సీసపు రాయి అనుకున్నారు, సీసం రాలేదు. తప్పు వాళ్ల కంటిది, పేరు మీకు పడింది. మా ఊరి పంచాయితీలూ ఇలాగే తెములుతాయి లెండి.

మా మేనల్లుడు ఉదయపూర్ నుంచి మిమ్మల్ని తెచ్చిన రోజే పింగాణీ పలక గరుకువైపు గీసి చూశాను. ఒళ్లు నల్లగా ఉన్నా గీత లేత గోధుమరంగులో పడింది. సీసపు రాయైతే బూడిదరంగు గీత పడేది. ఆ పొడి మీద యాసిడ్ చుక్క వేశానో లేదో, వంటింట్లోంచి మా అమ్మ: "ఏట్రా ఆ కంపు? గుడ్డేదైనా మురిగిందేటి?" ఒక్క చుక్కకే కడుపులో గంధకమంతా కక్కేశారు. మీరా మోసగాడు!

కొలిమిలో మాత్రం కాస్త ఏడిపించారు. 907 డిగ్రీలకే మీ జింకు మరిగి ఆవిరైపోతుంది. ఉదయపూర్ దగ్గరి జావర్‌లో మనవాళ్లు వంకాయల్లాంటి మట్టి మూసలు తలకిందులుగా పెట్టి, ఆవిరిని కిందికి దింపి పట్టుకున్నారు. యూరప్‌వాళ్లకి ఆ విద్య అబ్బడానికి వందల ఏళ్ల ముందు మాట ఇది. మా బుడితి ఇత్తడి చెంబులో రాగికి జోడీ ఆ జింకే. 2018లో తిత్లీ తుపానుకి పశువుల పాక లేచిపోయాక వేయించిన రేకుల మీద, తాను అరిగిపోతూ ఇనుముని కాస్తున్నదీ అదే.

ఇక అసలు సంగతి. ఊడుపులైన కొన్నాళ్లకి మా వరి ఆకుల మీద తుప్పురంగు మచ్చలొచ్చాయి. జింకు లోపమని జింక్ సల్ఫేట్ కొని, లీటరు నీటికి 2 గ్రాముల లెక్కన రెండుసార్లు కొట్టించాను. పైరు తేరుకోలేదు. అనుమానమొచ్చి చిటికెడు నీళ్లలో కలిపి కాస్టిక్ సోడా పోశాను. తెల్లటి మడ్డి పడింది. ఇంకా పోశాను. జింకుదైతే ఆ మడ్డి కరగాలి. కరగదే! చవకరకం మెగ్నీషియం సల్ఫేట్. కంటికి రెండూ ఒకేలాంటి తెల్లటి పలుకులు.

అడగబోతే కొట్టాయన కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆయన్ని ఊరంతా 'బాబుగారు' అంటుంది. మోసగాడన్న పేరు మీరు ముందే రాయించేసుకున్నారు, ఇంక ఆయనకేం మిగిలింది పాపం?

నీళ్లకి నాలుగింతల బరువు మీరు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఆయనిచ్చిన బిల్లు మీద మిమ్మల్నే పెట్టాను. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న లైను సరిగ్గా మీ కిందే ఉంది.